నాణెము పోయిన పిమ్మట గవ్వ



పలమనేరునుండి కుప్పమునకు పోవు త్రోవలో, కైగల్ జలపాతమునకు అనతిదూరమున, కర్ణాటకపు సరిహద్దును ఆనుకొని యున్న మా బైరెడ్డిపల్లె సముద్రమట్టమునకు 2000 అడుగులకు పైబడిన ఎత్తున గల మెట్టసీమ. ఇచ్చటివారు సముద్రమును చూడవలెనన్న మొగిలి ఘాటు దిగి, చిత్తూరు దాటి, చెన్నపట్టణము వరకును పోవలసినదే. మన తాతముత్తాతలలో ఆ భాగ్యము జీవితకాలమున ఒక్కమారైనను లభింపనివారే పెక్కుమంది. అయినను ఈ సీమలో ఏ పాత ఇంటి అటక వెదకినను తోలుపట్టెడకు కుట్టిన గవ్వలో, బారాకట్ట ఆడుటకై గుడ్డసంచిలో ముడివేసి దాచిన గవ్వలో, పసిబిడ్డ మొలత్రాటికి దృష్టి తగులకుండ గ్రుచ్చిన ఒంటిగవ్వయో కనబడక మానదు. అలల చప్పుడైనను విననివారి యిండ్లలోనికి సముద్రజీవి విడిచిన యీ పెంకు ఎట్లు వచ్చెను? ఒకనాడు నాణెముగా చెలామణి అయిన యీ వస్తువు, ఆ చెలామణి ఆగిపోయి నూరేండ్లు దాటినను, నేడు నగరములలోని మేడల గోడలమీదికి అలంకారమై ఎట్లెక్కుచున్నది? ఈ రెంటిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుట నా ఉద్దేశము.

ముందుగా వస్తువునే చేతిలోనికి తీసికొని చూతము. గవ్వలలో జాతులు వందలు కలవు గాని, లోకమున ద్రవ్యముగా తిరిగినవి ముఖ్యముగా రెండే: పసుపు వన్నె గలిగి అంచున గుబ్బలు తేలిన చిన్నగవ్వ యొకటి, వీపుమీద బంగారుతీగ చుట్టినట్లు నారింజవన్నె వలయము గల గవ్వ మరియొకటి. రెండును చిటికెనవ్రేలి కొన యంతవే. వీనికి ఆ నున్నదనమును మెరుగును ఇచ్చినవాడు మానవుడు కాడు. లోపల నివసించు ప్రాణి తన మెత్తని చర్మమును పెంకుమీదికి రెండువైపులనుండి కప్పుకొని, బ్రతికినంతకాలము దానికి పూతపై పూత పెట్టుచుండును. అందుచేతనే ఏ సాన పట్టకయే, ఏ నూనె పూయకయే, ఎన్ని చేతులు మారినను గవ్వ వన్నె తగ్గదు. క్రింద వైపున ఇరుప్రక్కల సన్నని పండ్ల వరుసతో పొడవైన నోరు. పైన ఉబ్బిన వీపు. ఇంతమాత్రపు వస్తువు ఆసియాఖండమునను ఆఫ్రికాఖండమునను శతాబ్దములపాటు అంగడిని నడిపినది.

వీనిలో పసుపు వన్నె గవ్వకు ముఖ్యమైన పుట్టినిల్లు మాలెదీవులు. అచ్చటివారు కొబ్బరిమట్టలను లోతు తక్కువగా గల సముద్రజలములలో తేలవేయగా వానికి గవ్వలు అంటుకొనెడివి. ఆ మట్టలను ఒడ్డునకు లాగి, గవ్వలను గోతులలో పూడ్చి, లోని మాంసము కుళ్లి పోయిన పిమ్మట కడిగి ఆరబోసెడివారు. 1343వ సంవత్సర ప్రాంతమున ఆ దీవులకు పోయి కొంతకాలము అక్కడనే ఖాజీగా పనిచేసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, గవ్వలు అచ్చట ధనమనియు, నాలుగు లక్షల గవ్వలకు ఒక బంగారు దీనారు వెల పలుకుననియు, చౌక కాలమున పది పండ్రెండు లక్షలవరకును పడునని కూడ వ్రాసెను. వంగదేశపు వర్తకులు బియ్యము తెచ్చి యిచ్చి గవ్వలు కొని పోవుదురనియు, యెమెనువారు ఓడ నిలకడకై ఇసుకకు బదులు వీనినే నింపుకొందురనియు ఆయన చెప్పిన మాట ఎంతయు గమనింపదగినది. ఏలయన, ఓడకు బరువుగా ఇసుకతో సమానమైన ఆ వస్తువునే ఆయన పిమ్మట పశ్చిమాఫ్రికాలోని మాలి రాజ్యమున చూచినప్పుడు, 1150 గవ్వలకే ఒక దీనారు పలుకుచుండెను! పుట్టినచోట ఇసుక, దూరదేశమున ధనము. ఈ రహస్యమునే మూడువందల యేండ్ల తరువాత మన దేశమునకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టవెర్నియే మరియొక రీతిని చెప్పెను: సముద్రతీరమున ఒక పైసకు ఎనుబది గవ్వలు వచ్చుననియు, లోపలికి పోయినకొలదియు మోతకూలి చేత వాని సంఖ్య తగ్గి, ఆగ్రాలో పైసకు ఏబదియో ఏబదియైదో మాత్రమే లభించుననియు. అనగా గవ్వకు విలువ కట్టినది అది నడిచిన దారియే.

మన దేశమున గవ్వ లెక్క ఎంత పాతదో చెప్పుటకు రెండు సాక్ష్యములు చాలును. అయిదవ శతాబ్దపు ఆరంభమున ఉత్తరదేశమును చూచిన చీనా భిక్షువు ఫాహియాను అచ్చటి క్రయవిక్రయములలో గవ్వలే వాడుదురని వ్రాసినాడు. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతీగణితమున ద్రవ్యమానము వరాటకముతోనే, అనగా గవ్వతోనే, మొదలగును: ఇరువది వరాటకములు ఒక కాకిణి, నాలుగు కాకిణులు ఒక పణము, పదునారు పణములు ఒక ద్రమ్మము, పదునారు ద్రమ్మములు ఒక నిష్కము. లెక్కవేసి చూచినచో ఒక నిష్కమునకు 20,480 గవ్వలు. ఇంత పెద్ద నాణెమునకును అంత చిన్న నాణెమునకును నడుమ మెట్లు కట్టిన ఆ వ్యవస్థ, ఆకుకూర కట్ట కొనువానిని రత్నము కొనువానిని ఒకే లెక్కలో నిలుపగలిగినది. రాజముద్ర అక్కరలేదు, దొంగనాణెము చేయుటకు వీలులేదు, నీరు, తుప్పు దీనిని చెరుపజాలవు. పేదవాని నాణెమునకు ఇంతకుమించిన లక్షణము లేవి కావలెను?

అయితే పేదవాని నాణెము ప్రభుత్వము చేతికి పోయినప్పుడు ఎంత వింతగా మారునో వంగదేశపు సిల్హెట్టు మండలము చూపినది. పదునెనిమిదవ శతాబ్దాంతమున అచ్చట కలెక్టరుగా నుండిన రాబర్టు లిండ్సే తన జ్ఞాపకములలో, ఆ మండలపు శిస్తు రెండున్నర లక్షల రూపాయలును గవ్వలలోనే వసూలగుచుండెననియు, రూపాయకు 5120 గవ్వల లెక్కన వానిని కొట్లలో నింపి, పడవలలో ఢాకాకు పంపుచుండిరనియు, ఆ రవాణాలో నూటికి పది వంతులు నష్టమగుచుండెననియు చెప్పుకొనెను. రెండున్నర లక్షలను 5120 చేత గుణించినచో 128 కోట్లు! ఏటేట ఒక్క మండలమునుండి నూట ఇరువది యెనిమిది కోట్ల గవ్వలను కొలిచి, నింపి, పడవ కెక్కించిన గుమాస్తాల అవస్థ తలచుకొన్న నవ్వును జాలియు కలిసి వచ్చును.

ఒరిస్సాలో జరిగినది మాత్రము నవ్వదగినది కాదు. 1803లో ఈస్టిండియా కుంఫిణీవారు ఆ దేశమును వశపరచుకొని, శిస్తును గవ్వలలో గాక వెండి రూపాయలలో చెల్లింపుడని నిర్బంధించిరి. రైతు చేతిలో నున్నవి గవ్వలు. దొర అడిగినది వెండి. గవ్వల ధర నానాటికి పడిపోయెను, వెండి ధర పెరిగెను. అదే భూమికి అదే శిస్తు నామమాత్రమున మారకయే రైతునకు మోయరాని భారమాయెను. 1817లో బక్షి జగబంధు నాయకత్వమున చెలరేగిన పైకు భటుల తిరుగుబాటునకు చరిత్రకారులు చెప్పు కారణములలో ఈ గవ్వల రద్దు ఒకటి. ఆఫ్రికాలో కథ మరింత చేదైనది: మాలెదీవుల గవ్వలను డచ్చివారును ఇంగ్లీషువారును ఆమ్‌స్టర్‌డాము, లండను నగరములకు చేర్చి, అక్కడనుండి పశ్చిమాఫ్రికాకు కొనిపోయి, వానితో మనుష్యులను కొనిరి. పిమ్మట పందొమ్మిదవ శతాబ్దమున తూర్పాఫ్రికా తీరపు వలయపు గవ్వలను ఓడలకొలదిగా తెచ్చి క్రుమ్మరించుటతో వాని విలువ కుప్పకూలినది.

గవ్వ యొక్కటియే కాదు, చిప్పలను చెక్కి, రంధ్రము తొలిచి, సానపట్టి ద్రవ్యముగా చేసికొన్న జాతులు లోకమున ఇంకను కలవు. ఉత్తరామెరికా ఆదివాసులు తెల్లని, ఊదావన్నె చిప్పలనుండి తొలిచిన గొట్టపుపూసలను వాంపం అందురు. మాసచూసెట్సు వలసరాజ్యమున 1637 నుండి 1661 వరకు అవి చట్టబద్ధమైన నాణెములుగ నుండెను. చట్టము పోయినను ఆ పూసల పటకాలను ఆ జాతులు నేటికిని తమ సంధిపత్రములుగా భద్రపరచుకొనుచున్నవి. సాలొమను దీవులలో మలైతావారు చిప్పను పగులగొట్టి, గుండ్రముగా అరగదీసి, దారములకు గ్రుచ్చిన హారములను ఇప్పటికిని కన్యాశుల్కముగా ఇత్తురు. వానినే విదేశీయాత్రికులు మెడలో వేసికొనుటకు కొని పోవుదురు. ఘానాదేశపు సెడీ, పాపువా న్యూగినీ దేశపు కీనా నేటి కాగితపు ద్రవ్యములై యుండియు చిప్పల పేళ్లనే మోయుచున్నవి.

ఇక మన సీమకు వత్తము. ఇచ్చట ఒక విశేషమును గుర్తింపవలెను. వంగ, ఒరిస్సా దేశములలో వలె మన యంగళ్లను గవ్వ ఏలలేదు. విజయనగరపు వరహా, ఫణములు, పిమ్మట గుర్రంకొండవంటి టంకశాలలలో టిప్పు సుల్తాను ముద్ర వేయించిన ఏనుగుబొమ్మ రాగి పైసలు, తరువాత కుంఫిణీ కాసులు మనకు చిల్లరగా నుండెను. కుప్పము ప్రక్కన చిగురుగుంట, బిసానత్తము గనులు, సరిహద్దు కావల కోలారు గనులు: బంగారము పండిన నేల యిది. చేతిలో చిల్లిగవ్వ లేదని అనుకొనుట మనకు నోటిమాటయే గాని, గవ్వలు లెక్కించి ఉప్పు కొన్న సంత మన యెరుకలో లేదు. అట్లయినను గవ్వ మన పల్లెకు వచ్చినది. నాణెముగా గాక నగగా, ఆటకాయగా, దేవతామూర్తి కంఠాభరణముగా వచ్చినది. నా అభిప్రాయమున అది దాని అదృష్టము. నాణెముగా నున్నచోట ఒక్క సర్కారు ఉత్తరువుతో గవ్వ వీధిపాలైనది. అలంకారముగా నున్నచోట ఏ సర్కారును దానిని రద్దుచేయలేకపోయినది. పైగా అలంకారముగనే దాని వయస్సు పెద్దది. క్రీస్తునకు పూర్వము సుమారు 1200 నాటిదై, 1976లో త్రవ్వకమున బయటపడిన చీనా రాణి ఫూహావో సమాధిలో 6000కు పైగా గవ్వలు దొరకినవి. సముద్రమునకు అంత దూరమున ఆ రాణివెంట వానిని పెట్టినవారు అందమును, ఐశ్వర్యమును రెండుగా విడదీసి చూచియుండరు.

గవ్వను నగగా మార్చు విధము చూడదగినది. ఉన్నదున్నట్లుగా కుట్టినచో దాని ఉబ్బెత్తు వీపు గుడ్డపై నిలువదు, పక్కకు దొర్లును. కావున పనివారు గవ్వను వెల్లకిల పట్టి, గరుకురాతిమీద నీరు చిలుకరించుచు వీపును అరగదీయుదురు. కొంతసేపటికి గుండ్రని పొర తొలగి లోని సుడి బయటపడును; ఇప్పుడు గవ్వ చదునై, సూది ఆ తెరపినుండి నోటిలోనికి వచ్చును. నోరు పైకి ఉండునట్లు, ఒకదాని ప్రక్క నొకటి తాకునట్లు, మైనము పట్టించిన దారముతో ఒక్కొక్క దానిని రెండుమారులు బిగించి కుట్టుదురు. దూరమునుండి చూచినప్పుడు తెల్లని పండ్లవరుసవలె మెరయు ఆ యందమంతయు గవ్వ క్రిందిభాగముది. ఆటకు వాడు గవ్వలు వేరు: వానికి వీపు తీయరు. నాలుగు గవ్వల యాటలో నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, నాలుగును బోరగిల పడిన అష్ట. గవ్వ ఎటు పడునో తెలియకుండుటకు ఆ ఉబ్బెత్తు వీపే ఆధారము. దేవళపు మండపములలో రాతినేలమీద గడులు చెక్కిన చోట్లు ఇప్పటికిని కలవు. ఆడెడివారు మాత్రము తగ్గిరి.

మా ప్రాంతమున గవ్వకు నిజమైన వైభవము ఎద్దుమెడలోనిది. కనుమనాటి పశువుల పండగకు కొమ్ములు చెక్కి, రంగులు పూసి, కుప్పెలు తొడిగి, మువ్వలతో గవ్వలతో కుట్టిన పట్టెడను మెడకు కట్టి, సాయంకాలము చిట్లాకుప్ప మంట దగ్గరకు తోలుకొని వచ్చునప్పుడు, ఆ మువ్వల సవ్వడితోపాటు గవ్వలు ఒకదాని కొకటి తగిలి చేయు పొడి చప్పుడు విన్నవారికి మరపు రాదు. నేడు ఎద్దుల స్థానమున ట్రాక్టరు వచ్చినది. దొడ్డిలో సీమయావు పాల డబ్బాకు పాలిచ్చుచున్నది. పట్టెడ అటక కెక్కినది. మా యూరి చేరువ పల్లెలో ఒక పెద్దాయన అట్టి పట్టెడను క్రిందికి దించి చూపగా, తోలు ఎండి పగిలి యుండెను గాని గవ్వలలో ఒక్కటియు వన్నె తరుగలేదు. "ఇవి యాడ కొనింది తాతా?" అని అడిగితిని. "యెవురికి తెలుసు నాయనా! మా నాయిన యెద్దులకు కట్టినాడు, నేనూ కట్టినా. యెద్దుల్ని అమ్మేస్తిమి గానీ, దీన్ని ఇయ్యబుద్ధి పుట్టలా" అని ఆయన చెప్పెను.

గవ్వను ఇంతకంటె మిన్నగా ఆదరించినవారు సుగాలీలు. పూర్వము ఎద్దులమీద ధాన్యమును ఉప్పును మోసికొని దక్కనంతయు తిరిగిన జాతి వారిది. సేనల వెంబడి, సంతల వెంబడి, తీరమునుండి మెట్టసీమలకు నడిచినవారు. గవ్వకు విలువ దారియందే పుట్టినదని పైన చెప్పితిని. ఆ దారి నడిచినవారి స్త్రీల దుస్తులమీదనే గవ్వ నిలిచిపోవుట న్యాయమే కదా! మదనపల్లె, తంబళ్లపల్లె ప్రాంతపు తండాలలో పెద్దవయస్సు స్త్రీల కాంచళి యను రవికపైనను, పేటియా యను పావడ అంచునను, నీటికుండ క్రింద తలపై పెట్టుకొను చుట్టకుదురుపైనను అద్దములు, వెండిబిళ్లలు, ఎఱ్ఱ పచ్చ ఉన్నికుచ్చులు, వాని నడుమ గవ్వలు చూడవచ్చును. కుదురునుండి వీపుమీదికి వ్రేలాడు చతురస్రపు గుడ్డకు నాలుగంచులను గవ్వలు కుట్టుటలో అందము మాత్రమే కాక ఉపయోగము కూడ కలదు: గవ్వల బరువు గుడ్డను గాలికి లేవనీయదు. రేణుకా యెల్లమ్మ భక్తులైన జోగులు మెడలో వేసికొను గవ్వలపేరులును, గంగిరెద్దునకు కట్టు గవ్వల యలంకారమును కూడ ఈ కోవలోనివే.

ఇప్పుడు నగరముల సంగతి. గవ్వల తోరణములు, గవ్వల సంచులు, నడికట్టులు, గోడకు వ్రేలాడదీయు పటములు, దీపపు గొడుగులు, దీపావళి లక్ష్మీపూజకు పళ్లెములో పేర్చు పచ్చగవ్వలు, అన్నిటికిని గిరాకి పెరిగినది. లేపాక్షి విక్రయశాలలలో, శిల్పారామములలో, తుదకు చేతిలోని ఫోనులోనే కొనవచ్చును. బళ్లారి సీమలోని సండూరు లంబాణీ (సుగాలీ) స్త్రీల కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు లభించినది. 2023 జూలైలో హంపిలో జి-20 సమావేశము జరిగినప్పుడు సండూరు కుశల కళాకేంద్రమునకు చెందిన 450 మందికి పైగా స్త్రీలు చేసిన 1755 వస్తువులను ఒక్కచోట ప్రదర్శింపగా ఆ ప్రదర్శన గిన్నిసు పుస్తకమున కెక్కెను. చేతిపని చేయు స్త్రీకి కూలి గిట్టుబాటగుచున్నంతవరకు ఈ గిరాకిని నేను రెండు చేతుల నెత్తి ఆహ్వానింతును. పల్లెపడుచు కట్టుబట్టను పట్టణపు గోడమీద చూచి ముక్కున వ్రేలు వేసికొనువారితో నాకు పేచీయే. గవ్వ పుట్టుకనుండి ఊళ్లు మారుచునే యున్నది, ఇప్పుడు మాత్రము కదలరాదనుట ఏమి న్యాయము?

నాకు నచ్చని దొకటి కలదు. కుట్టుటకు ఓపిక లేక జిగురుతో అంటించిన గవ్వలపని. నాలుగు నెలలు కాకమునుపే ఎండకు జిగురు విడి, గవ్వలు ఒక్కొక్కటే రాలును. ఊడ్చి పారవేయుట తప్ప గత్యంతరముండదు. పోసిన ప్లాస్టికు గవ్వలు కూడ బజారులో దిగినవి. నిజమైన గవ్వ చేతికి చల్లగా తగులును, తూచిన బరువుండును, నోటిలోని పండ్లు ఒక గవ్వకు ఉన్నట్లు మరియొక గవ్వకు ఉండవు. పోతపోసినవి అన్నియు ఒక్క తీరుననే యుండును. పాత నాణెములని చెప్పి క్రొత్త గవ్వలకు పదింతలు వెల కట్టువారును కలరు. వారి మాట నమ్మబనిలేదు: ప్రకృతిసిద్ధమైన గవ్వమీద ఏ రాజు పేరును ఉండదు, సంవత్సరమును ఉండదు. వాడిన గవ్వను వాడని గవ్వనుండి వేరుచేయునది అరిగిన అంచును, దారపు ఒరిపిడి గీతయు మాత్రమే. మరియొక జాగ్రత్త కూడ అవసరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలలో కొన్ని అరుదైన శంఖజాతులును గవ్వజాతులును చేరియున్నవి. కావున పెద్దపెద్ద వింతగవ్వలను కొనబోవునప్పుడు అవి ఏ జాతివో విచారించి మరి కొనుట మేలు. మన పట్టెడలలోని చిన్నగవ్వలకు ఆ చిక్కు లేదు.

తుదకు మా చుట్టుప్రక్కల రైతు సోదరులకును, తండాలలోని అక్కచెల్లెండ్రకును ఒక మనవి. మీ అటకమీద పాత గవ్వలపట్టెడయో, మీ అవ్వ కుట్టిన కాంచళియో ఉన్నచో, పాత సామాను కొనువాడు వచ్చి తూకమునకు అడిగినప్పుడు తొందరపడి ఇయ్యకుడు. తోలు పగిలినను గవ్వలు చెడవు. వానిని విప్పి, కుంకుడురసములో కడిగి, నీడను ఆరబెట్టి, క్రొత్త పట్టెడకు మరల కుట్టించుకొనవచ్చును. ఇంట ఎద్దు లేకున్నను ఆవుదూడ మెడకైనను వచ్చు కనుమకు కట్టుడు. ఉంచుకొనుటకు వీలులేక అమ్ముటయే అవసరమైనచో, అది ఏ యూరిదో, ఎవరు కుట్టిరో, ఎవరి కాలమునాటిదో ఒక చీటీమీద వ్రాసి, దానికి ముడివేసి ఇండు. ఆ చీటీ ఉన్న పట్టెడకు అడిగినవారు ఎక్కువ వెలయే ఇత్తురు.